నడుము నొప్పికీ జన్యు పరీక్షా? డిస్క్ సర్జరీ అవసరమో కాదో డీఎన్‌ఏ చెప్పేస్తుందా? పరిశోధనలు తేల్చింది ఇదీ..

నడుము పట్టేస్తుంది. పిరుదు దగ్గర మొదలైన నొప్పి తొడ వెనక నుంచి పిక్క దాకా లాగేస్తుంది. దగ్గినా, తుమ్మినా ప్రాణం పోయినంత పనవుతుంది. ఎంఆర్‌ఐ తీయిస్తే రిపోర్టులో ‘ఎల్4-ఎల్5 డిస్క్ ప్రొట్రూజన్’ అని ఓ లైన్ ఉంటుంది. ఆ లైన్ చూడగానే ఇంట్లో చర్చ మొదలవుతుంది. ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేయించేయమని ఒకరంటారు. వెన్నెముక మీద కత్తి పెడితే ఇక మంచం పట్టడమేనని ఇంకొకరు భయపెడతారు.

ఇప్పుడు ఈ చర్చలోకి మరో మాట కూడా వచ్చి చేరింది. అదే జన్యు పరీక్ష. కాస్త ఉమ్మి శాంపిల్ ఇస్తే చాలు, ఏ జబ్బు వస్తుందో చెప్పేస్తామనే ప్రచారం పెరిగింది. మరి డిస్క్ జారిన వాళ్ల విషయంలో ఈ పరీక్ష నిజంగా పనికొస్తుందా? ఆపరేషన్ సక్సెస్ అవుతుందో లేదో ముందే చెప్పగలదా? పాతికేళ్లకు పైగా సాగుతున్న పరిశోధనలు చెప్పే సమాధానం ఒక్క ముక్కలో ఇదీ.. డిస్క్ ఎందుకు అరిగిందో జన్యువులు కొంతవరకు చెప్పగలవు. ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా అన్నది మాత్రం చెప్పలేవు. కనీసం ఇప్పటికైతే చెప్పలేవు.

సమస్య ఎంత పెద్దదంటే..

2020లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 61.9 కోట్ల మంది నడుము నొప్పితో బాధపడ్డారని అంచనా. 2050 నాటికి ఈ సంఖ్య 84.3 కోట్లకు చేరొచ్చని 2023లో లాన్సెట్ రుమటాలజీలో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. అదే ఏడాది డిసెంబర్‌లో దీర్ఘకాలిక నడుము నొప్పిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ తొలిసారిగా మార్గదర్శకాలు విడుదల చేసింది.

అయితే నడుము నొప్పి వచ్చిన ప్రతి ఒక్కరికీ డిస్క్ జారినట్టు కాదు. వెన్నుపూసల మధ్య కుషన్‌లా ఉండేవే డిస్కులు. పైన గట్టి పొర, లోపల జెల్లీ లాంటి మెత్తని పదార్థం ఉంటుంది. పై పొర బలహీనపడితే లోపలి పదార్థం బయటికి పొడుచుకొస్తుంది. అది పక్కనే ఉన్న నరాన్ని నొక్కితే కాలిలోకి నొప్పి పాకుతుంది. దీన్నే సయాటికా అంటారు. డిస్క్ ఆపరేషన్ ప్రధానంగా ఈ కాలి నొప్పి కోసమే. ఉత్త నడుము నొప్పికి కాదు.

బరువులు మోసినందుకేనా?

మూటలు మోసేవాళ్లకు, గంటల తరబడి డ్రైవింగ్ చేసేవాళ్లకు డిస్కులు అరుగుతాయని చాలామంది నమ్మకం. చాలాకాలం డాక్టర్లు కూడా అదే అనుకున్నారు. ఫిన్లాండ్‌లో కవలల మీద జరిగిన ఒక పరిశోధన ఈ లెక్కను మార్చేసింది.

1995లో 115 జంటల మగ కవలలకు ఎంఆర్‌ఐ తీసి చూశారు. వీళ్లంతా ఒకే పోలికతో పుట్టిన కవలలు. అంటే ఇద్దరి జన్యువులూ ఒకటే. చేసే పనులు మాత్రం వేరు. నడుము కింది భాగంలోని డిస్కుల అరుగుదలలో ఉన్న తేడాల్లో శారీరక శ్రమ వివరించగలిగింది కేవలం 2 శాతమే. నడుము పైభాగంలో అయితే 7 శాతం. ఒకే కుటుంబం, ఒకే జన్యువులు అనే అంశాన్ని కలిపితే ఆ లెక్క కింది భాగంలో 43 శాతానికి, పైభాగంలో 77 శాతానికి పెరిగిపోయింది.

తర్వాత 1999లో బ్రిటన్, ఆస్ట్రేలియా పరిశోధకులు కవలలపై చేసిన మరో అధ్యయనం కూడా ఇదే దారిలో నిలిచింది. నడుము డిస్కుల అరుగుదలలో వారసత్వం వాటా సుమారు 74 శాతమని తేల్చింది.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. 74 శాతం అంటే ఒక మనిషి నొప్పిలో ముప్పావు వంతు తల్లిదండ్రుల నుంచి వచ్చిందని కాదు. చాలామందిని పక్కపక్కన పెట్టి చూసినప్పుడు వాళ్ల మధ్య కనిపించే తేడాల్లో జన్యువుల పాత్ర అంత అని మాత్రమే. పైగా ఇది డిస్క్ అరుగుదల లెక్క. నొప్పి లెక్క కాదు. ఈ రెండూ ఒకటి కాదని తర్వాతి పరిశోధనలు గట్టిగానే చెప్పాయి.

ఒక్క జన్యువు కోసం మొదలైన వేట

వారసత్వం ఉందని తేలాక, మరి ఏ జన్యువు అనే ప్రశ్న మొదలైంది. మొదట్లో పద్ధతి సింపుల్‌గా ఉండేది. డిస్క్‌ను పట్టి ఉంచే కొల్లాజెన్ లాంటి ప్రొటీన్ల జన్యువులను ఒక్కొక్కటిగా పరీక్షించేవాళ్లు. అనుమానితుణ్ని ముందే అనుకుని ఇల్లు సోదా చేసినట్టన్నమాట.

1999లో సైన్స్ జర్నల్‌లో ఫిన్లాండ్ పరిశోధకుల పేపర్ వచ్చింది. డిస్క్ సమస్య ఉన్న 157 మందిలో ఆరుగురికి కొల్లాజెన్ 9కి చెందిన జన్యువులో ఒక మార్పు కనిపించింది. ఆ సమస్య లేని 174 మందిలో ఒక్కరికీ అది లేదు. జన్యువు దొరికేసిందని అప్పట్లో పెద్ద వార్తే అయింది. కానీ లెక్క తిరగేసి చూస్తే.. 157 మందిలో 151 మందికి ఆ మార్పు లేదు. అయినా వాళ్లకు డిస్క్ సమస్య వచ్చింది.

2005లో దక్షిణ చైనా ప్రజల్లో చూసినప్పుడు మరో విచిత్రం బయటపడింది. ఫిన్లాండ్‌లో అరుదుగా ఉన్న ఆ మార్పే అక్కడ దాదాపు 20 శాతం మందిలో ఉంది. ఒక దేశంలో తయారైన జన్యు పరీక్షను ఇంకో దేశంలో ఉన్నది ఉన్నట్టు వాడితే ఏమవుతుందో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

లక్షల మంది డీఎన్‌ఏ.. ఆపరేషన్ రికార్డులు

ఆ తర్వాత పద్ధతి మారింది. ముందే ఒక జన్యువును అనుమానించకుండా, మొత్తం డీఎన్‌ఏలో లక్షల చోట్ల అక్షరాలను ఒకేసారి చదివే చిప్‌లు వచ్చాయి. మనిషి డీఎన్‌ఏలో సుమారు 300 కోట్ల అక్షరాలు ఉంటాయి. జబ్బు ఉన్నవాళ్లలో ఒకలా, లేనివాళ్లలో ఇంకోలా ఉన్న అక్షరం ఎక్కడుందో కంప్యూటర్ వెతుకుతుంది.

2017లో ఐస్‌లాండ్ నుంచి వచ్చిన పరిశోధన ఇందులో కీలకం. డిస్క్ ఆపరేషన్ చేయించుకున్న 4,748 మందిని, 2.8 లక్షలకు పైగా ఇతరులతో పోల్చారు. ఎనిమిదో క్రోమోజోమ్ మీద ఒక చోటు దొరికింది. అక్కడ ఒక ప్రత్యేక అక్షరం ఉన్నవాళ్లకు డిస్క్ జారి ఆపరేషన్ దాకా వెళ్లే అవకాశం దాదాపు ఐదో వంతు తక్కువ.

వినడానికి పెద్ద విషయంలాగే ఉంటుంది. సామాన్యుడి లెక్కలో చూద్దాం. వెయ్యి మందిలో 20 మందికి డిస్క్ ఆపరేషన్ అవసరమవుతుందని అనుకుందాం. ఐదో వంతు తగ్గితే 16 మంది. అంటే ఆ మంచి అక్షరం ఉన్నా 16 మందికి ఆపరేషన్ తప్పలేదు. అది లేకపోయినా వెయ్యిలో 980 మందికి ఆ అవసరమే రాలేదు. కారణాలు వెతికే శాస్త్రవేత్తకు ఇది విలువైన క్లూ. డాక్టర్ ముందు కూర్చున్న రోగికి మాత్రం దీనితో తేలేదేమీ లేదు.

2024లో ఫిన్లాండ్‌లోని ఔలూ యూనివర్సిటీ నేతృత్వంలో ఇంకా పెద్ద అధ్యయనం నేచర్ కమ్యూనికేషన్స్‌లో వచ్చింది. ఫిన్లాండ్, ఎస్టోనియా, బ్రిటన్‌లకు చెందిన 8 లక్షల మందికి పైగా డేటాను కలిపి చూశారు. డిస్క్ జారడంతో సంబంధం ఉన్న చోట్లు డీఎన్‌ఏలో పదుల సంఖ్యలో బయటపడ్డాయి. వాటిలో కొన్ని డిస్క్ నిర్మాణానికి, కొన్ని వాపుకు సంబంధించినవి. మరికొన్ని నరాల వ్యవస్థకు చెందిన జన్యువుల దగ్గర ఉన్నాయి. ఆపరేషన్ దాకా వెళ్లిన కేసులను ఈ అధ్యయనం విడిగానూ పరిశీలించింది.

దీన్నుంచి తేలిందేంటి? ‘డిస్క్ జన్యువు’ అంటూ ఒకటి లేదు. చిన్న చిన్న ప్రభావాలు చూపే అక్షరాలు డీఎన్‌ఏ నిండా పరుచుకుని ఉన్నాయి. తలసేమియా లాంటి జబ్బుల్లో జన్యు పరీక్ష ఉందో లేదో తేల్చేస్తుంది. ఎందుకంటే అక్కడ తప్పు ఉన్నది ఒకే జన్యువులో. డిస్క్ విషయంలో అలాంటి అవునూ కాదూ సమాధానం రాదు.

ఇక ఆపరేషన్ సంగతి.. మూడు దేశాలు, మూడు లెక్కలు

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. అసలు డిస్క్ ఆపరేషన్ ఎంతవరకు పనిచేస్తుంది?

అమెరికాలో 11 రాష్ట్రాల్లోని 13 వెన్నెముక కేంద్రాల్లో ‘స్పోర్ట్’ పేరుతో పెద్ద ట్రయల్ జరిగింది. ఫలితాలు 2006లో వచ్చాయి. 501 మందిని లాటరీ పద్ధతిలో రెండుగా విడగొట్టారు. సగం మందికి ఆపరేషన్, మిగతా సగానికి మందులు, ఫిజియోథెరపీ లాంటివి. కానీ రోగులు లాటరీ మాట వినలేదు. ఆపరేషన్ గ్రూపులో మూడు నెలల్లో సగం మందే ఆపరేషన్ చేయించుకున్నారు. ఆపరేషన్ వద్దన్న గ్రూపులో 30 శాతం మంది అదే సమయంలో చేయించేసుకున్నారు. దీంతో రెండు గ్రూపుల మధ్య తేడా స్పష్టంగా తేలలేదు. అయితే ఎవరు నిజంగా ఏ వైద్యం చేయించుకున్నారో చూసి లెక్కేస్తే, ఆపరేషన్ అయినవాళ్లే మెరుగ్గా ఉన్నారు. మరో వైపు, ఆపరేషన్ అయినవాళ్లలో 8 ఏళ్లలోపు సుమారు 15 శాతం మందికి మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చింది.

2007లో నెదర్లాండ్స్ ఫలితాలు వచ్చాయి. 6 నుంచి 12 వారాలుగా తీవ్రమైన సయాటికాతో ఉన్న 283 మందిపై చేసిన ట్రయల్ ఇది. వెంటనే ఆపరేషన్ చేసిన గ్రూపులో కాలి నొప్పి త్వరగా తగ్గింది. ఆగి చూసిన గ్రూపులో చివరికి 39 శాతం మందికే ఆపరేషన్ అవసరమైంది. ఏడాది తిరిగేసరికి రెండు గ్రూపుల్లోనూ 95 శాతం మంది కోలుకున్నామని చెప్పారు. అంటే ఇక్కడ ఆపరేషన్ కొన్నది ప్రధానంగా టైమ్‌ని. కూలికి వెళ్తేగానీ ఇల్లు గడవనివాళ్లకు ఆ కొన్ని నెలలే అన్నిటికన్నా ముఖ్యం కావొచ్చు. సెలవు దొరికేవాళ్లు ఆగగలరు.

అలాగని ఎంతకాలమైనా ఆగొచ్చా? 2020లో కెనడా నుంచి దీనికి సమాధానం వచ్చింది. 4 నుంచి 12 నెలలుగా సయాటికా వదలని 128 మందిని చూశారు. ఆరు నెలల తర్వాత పదికి కొలిచిన కాలి నొప్పి ఆపరేషన్ గ్రూపులో 2.8కి దిగింది. ఆపరేషన్ లేకుండా వైద్యం మొదలుపెట్టిన గ్రూపులో 5.2 దగ్గరే ఉంది. నెలలు గడిచినా తగ్గని కాలి నొప్పి విషయంలో ఆపరేషన్‌దే పైచేయి అన్నమాట.

మూడింటినీ కలిపి చూస్తే విషయం తెలిసిపోతుంది. ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయించేవి ఏ నరం నొక్కుకుంది, నొప్పి కాలిలో ఉందా నడుములోనే ఉందా, ఎన్ని వారాలైంది, బలహీనత ఉందా లేదా అన్న ప్రశ్నలు. వీటిలో ఏ ఒక్కదానికీ ఉమ్మి పరీక్షతో పనిలేదు.

రిపోర్టులో కనిపించిందల్లా జబ్బేనా?

జన్యు పరీక్ష కన్నా ముందు ఎంఆర్‌ఐ నేర్పిన పాఠం ఒకటుంది. 1994లో అమెరికాలో నడుము నొప్పే లేని 98 మందికి ఎంఆర్‌ఐ తీశారు. సగానికి పైగా, అంటే 52 శాతం మందికి కనీసం ఒక చోట డిస్క్ ఉబ్బి కనిపించింది. 2015లో నొప్పి లేని 3,110 మంది స్కాన్లను కలిపి చూసిన విశ్లేషణలో 20 ఏళ్ల వాళ్లలోనే 37 శాతం మందికి డిస్క్ అరుగుదల ఉంది. 80 ఏళ్లవాళ్లలో అది 96 శాతం. జుట్టు నెరిసినట్టే డిస్కులూ వయసుతో మారతాయి. దాన్నే జబ్బు అనుకుంటే ఊళ్లో సగం మందిని ఆపరేషన్ టేబుల్ ఎక్కించాలి.

ఇంకో ఆశ్చర్యం ఏంటంటే, బయటికొచ్చిన డిస్క్ దానంతట అదే తగ్గిపోవచ్చు. 2015లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం పూర్తిగా తెగి బయటపడిన ముక్కలు 96 శాతం కేసుల్లో కుంచించుకుపోయాయి. కొద్దిగా ఉబ్బిన డిస్కుల్లో ఇలా జరిగింది 13 శాతమే. తెగిపడిన ముక్కను శరీరం బయటి వస్తువుగా భావించి శుభ్రం చేసుకోవడమే దీనికి కారణమని భావిస్తున్నారు. స్కాన్‌లో పెద్దగా, భయంకరంగా కనిపించేదే తేలిగ్గా కరిగే అవకాశం ఉందన్నమాట.

స్కాన్ విషయంలోనే ఇంత గందరగోళం ఉంటే, దాని పక్కన ‘హై రిస్క్’ అని రాసిన జన్యు రిపోర్టు కూడా చేరితే భయం రెట్టింపవుతుంది. అనవసర ఆపరేషన్‌కు దారి సులువవుతుంది. అసలు ప్రమాదం ఇదే.

జన్యువు, ఆపరేషన్ కలిసిన చోటు

మరి ఆపరేషన్ తర్వాత నొప్పి తగ్గడానికీ జన్యువులకూ సంబంధమే లేదా? ఉందని చెప్పే పరిశోధనలు ఉన్నాయి. 2006లో నేచర్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం వాటిలో ముఖ్యమైంది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో డిస్క్ ఆపరేషన్ చేయించుకున్న 168 మందిని పరిశీలించారు. జీసీహెచ్1 అనే జన్యువులో ఒక ప్రత్యేక రకం ఉన్నవాళ్లకు ఆపరేషన్ తర్వాత నొప్పి తక్కువగా ఉంది. ఈ జన్యువు పని డిస్క్‌తో కాదు, నొప్పిని శరీరం ఎలా గ్రహిస్తుందన్న దానితో. 2012లో నార్వే పరిశోధకులు సీఓఎంటీ అనే మరో జన్యువులోని తేడాకు, డిస్క్ జారాక నొప్పి ఎక్కువకాలం ఉండిపోవడానికి సంబంధం ఉందని చెప్పారు.

ఒకే రకం డిస్క్, ఒకే రకం ఆపరేషన్. అయినా ఒకరు నెలకే పనిలోకి వెళ్తారు, ఇంకొకరు ఏడాదైనా మూలుగుతూనే ఉంటారు. నాటకాలు ఆడుతున్నాడని ఇంట్లోవాళ్లు అనుమానించే ఆ రెండో మనిషికి ఈ పరిశోధనలు కాస్త న్యాయం చేశాయి. నొప్పి తేడాకు శరీరంలోనే కారణాలు ఉండొచ్చని చూపించాయి.

కానీ ఇవి వందల మంది మీద చేసిన చిన్న అధ్యయనాలు. జీసీహెచ్1ను వేరే రకం నొప్పుల్లో పరీక్షించినప్పుడు ఫలితాలు అన్నిచోట్లా ఒకేలా రాలేదు. అందుకే ఈ జన్యువులు చూసి ఆపరేషన్ చేయాలా వద్దా అని నిర్ణయించే స్థితికి వైద్యం ఇంకా రాలేదు.

తొందరపడితే ఏమవుతుంది? ఓ అనుభవం

వెన్నెముక వైద్యంలో జన్యు పరీక్షను ముందే మార్కెట్లోకి తెచ్చిన ఉదాహరణ ఉంది. వెన్ను పక్కకు వంగే స్కోలియోసిస్ ఉన్న పిల్లల్లో వంపు పెరుగుతుందో లేదో చెబుతామంటూ 2009లో అమెరికాలో ‘స్కోలిస్కోర్’ అనే పరీక్ష వచ్చింది. 53 జన్యు గుర్తులను చూసి స్కోర్ ఇస్తుంది. తర్వాత జపాన్‌లో 2013లో, ఫ్రెంచ్ కెనడియన్లలో 2015లో స్వతంత్రంగా పరీక్షించి చూశారు. ఆ గుర్తులకు, వంపు పెరగడానికి సంబంధం కనిపించలేదు. ఒక గుంపులో బాగా కుదిరిన లెక్క ఇంకో గుంపులో కుదరకపోవచ్చని మళ్లీ రుజువైంది.

ఉద్యోగం, బీమా మాటేంటి?

జన్యు రిపోర్టు ఆసుపత్రి ఫైల్‌లోనే ఉండిపోతుందన్న గ్యారంటీ లేదు. అమెరికాలో ఓ పెద్ద రైల్వే కంపెనీ మణికట్టు నరం సమస్యతో పరిహారం అడిగిన కార్మికుల రక్తాన్ని వాళ్లకు చెప్పకుండా జన్యు పరీక్షలకు పంపింది. 2001లో అక్కడి ఉపాధి సమాన అవకాశాల కమిషన్ కోర్టుకెక్కింది. 2002లో కంపెనీ 22 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. 2008లో అమెరికా ఏకంగా చట్టం చేసింది. ఉద్యోగంలో, ఆరోగ్య బీమాలో జన్యు సమాచారం ఆధారంగా వివక్ష చూపకూడదన్నది దాని సారాంశం.

మన దేశంలో అలాంటి ప్రత్యేక చట్టం లేదు. అయితే హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2018 మార్చిలో ఒక ఆదేశం ఇచ్చింది. జన్యు లోపం అనే మినహాయింపు చూపించి ఆరోగ్య బీమా క్లెయిమ్‌లను తిరస్కరించొద్దని కంపెనీలకు స్పష్టం చేసింది. ఢిల్లీ హైకోర్టు తీర్పు తర్వాత వచ్చిన ఆదేశం ఇది. ఉద్యోగాల విషయంలో మాత్రం అలాంటి రక్షణ లేదు. బరువు పనికి మనిషిని తీసుకునే ముందు ‘డిస్క్ రిస్క్’ రిపోర్టు అడిగితే కార్మికుడు ఏం చేయాలి? ఈ ప్రశ్న ఇవాళ ఊహలాగే ఉంది. పరీక్షలు చవకయ్యే కొద్దీ ఊహగా ఉండదు.

మన డేటా ఎక్కడుంది?

ఇప్పటిదాకా చెప్పుకున్న లెక్కల్లో ఎక్కువ భాగం యూరప్, అమెరికా ప్రజలవే. మన దేశంలో కోయంబత్తూరులోని గంగా హాస్పిటల్ పరిశోధకులు భారతీయ యువతలో డిస్క్ అరుగుదలకు సంబంధించిన జన్యువులపై పనిచేశారు. జీనోమ్ ఇండియా ప్రాజెక్టులో హైదరాబాద్‌లోని సీసీఎంబీ కూడా భాగస్వామి. దేశంలోని వివిధ జనసమూహాలకు చెందిన సుమారు 10 వేల మంది జన్యుక్రమాల డేటాను 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు.

ఇది మంచి మొదలే. కానీ ఆ డేటా ఆరోగ్యవంతులది. ఐస్‌లాండ్ పరిశోధన ఎందుకు సాధ్యమైంది? ఎవరికి డిస్క్ ఆపరేషన్ జరిగిందో అక్కడ రికార్డు ఉంది కాబట్టి. స్వీడన్ 1990ల నుంచే వెన్నెముక ఆపరేషన్లను, తర్వాత రోగి ఎలా ఉన్నాడన్న వివరాలను జాతీయ రిజిస్టర్‌లో నమోదు చేస్తోంది. మన దగ్గర ఆ స్థాయి జాతీయ లెక్క లేదు. ఆపరేషన్ అయ్యాక ఏడాదికి రోగి పొలానికి వెళ్తున్నాడా, మంచం మీద ఉన్నాడా అన్నది ఎవరూ రాసిపెట్టకపోతే, ఎన్ని వేల జన్యుక్రమాలు చదివినా ఫలితానికి ముడి పెట్టలేం. జన్యు పరీక్షల ప్రచారం కన్నా ముందు కావాల్సింది ఈ రాసిపెట్టే అలవాటే.

రోగి అడగాల్సిన ప్రశ్నలు ఇవే..

ఆపరేషన్ అన్నప్పుడు డాక్టర్‌ను నాలుగు విషయాలు అడగడం మంచిది. స్కాన్‌లో కనిపించిన డిస్కే నా కాలి నొప్పికి కారణమా? కొన్ని వారాలు ఆగితే నష్టమేంటి? ఆపరేషన్‌తో తగ్గేది కాలి నొప్పా, నడుము నొప్పా? మళ్లీ ఆపరేషన్ అవసరమయ్యే అవకాశం ఎంత? అనుమానం ఉంటే రెండో డాక్టర్ అభిప్రాయం తీసుకోవచ్చు.

ఒక్క విషయంలో మాత్రం ఆగకూడదు. మూత్రం, మలం మీద పట్టు తప్పినా, మూత్రం బిగబట్టేసినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, పాదం పైకి లేపలేక జారిపోతున్నా అది ఎమర్జెన్సీ. అప్పుడు ఏ పరీక్ష కోసమూ ఎదురుచూడకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఇలాంటి సమయంలో గంటలు కూడా ముఖ్యమే.

ఈ లక్షణాలేవీ లేకపోతే, నొప్పి భరించగలిగేలా ఉంటే, డాక్టర్ పర్యవేక్షణలో కొంతకాలం ఆగి చూడటం తప్పు కాదు. అమ్మానాన్నల నుంచి వచ్చిన జన్యువులను ఎవరూ మార్చుకోలేరు. ఆపరేషన్ నిర్ణయం మాత్రం రోగి చేతిలోనే ఉంది. ఆ నిర్ణయానికి ఆధారం రోగి లక్షణాలు, డాక్టర్ పరీక్ష. ఉమ్మి శాంపిల్ రిపోర్టు కాదు.